షుగరు జబ్బు వెనక్కి మళ్లుతుందా?

(చిరాగ్‌పల్లిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 33 సంవత్సరాలు ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. 14 ఏళ్లుగా నాకూ షుగరు ఉన్నది. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హతలు ఈ రెండే. ఒకటి ఉద్యోగం ఇచ్చింది, రెండవది జబ్బు ఇచ్చింది.

కార్యవర్గం ఈ అంశాన్నే ఎంచుకోవడానికి మన సంఘంలోనే జరిగిన ఒక సంగతి కారణం. ఆ ఇద్దరు మిత్రులూ ఈ సభలోనే కూర్చున్నారు. వారి అనుమతితోనే చెబుతున్నాను. పేర్లు మాత్రం చెప్పను.

మొదటి మిత్రునికి రిటైరైన ఏడాదే షుగరు బయటపడింది. మనిషి పట్టుదల గలవాడు. ఏడాది లోపల 88 కిలోల నుండి 76 కిలోలకు తగ్గాడు. చూస్తున్న డాక్టరు ఒక్కొక్క మాత్రనే తగ్గిస్తూ వచ్చి చివరకు అన్నీ ఆపించారు. ఆపి 16 నెలలైంది. షుగరు హద్దులోనే ఉన్నది. రెండవ మిత్రుడు ఉద్యోగంలో చేరిన నాటి నుండి ఈయనకు జతగాడు. ఈయనకు షుగరు వచ్చి 18 ఏళ్లు. రెండు రకాల మాత్రలు, రాత్రిపూట ఇన్సులిన్. స్నేహితునికి పోయిందని విని, ఎవరితోనూ చెప్పకుండా తానూ అన్నీ ఆపేశాడు. రెండు నెలలకు చెప్పు కరిచి కాలికి పుండు పడింది. స్పర్శ మందగించిన పాదం కాబట్టి నొప్పి తెలియలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి రక్తంలో చక్కెర 460. బొటనవేలు తీసివేయవలసి వచ్చింది. నేను చూడబోయినప్పుడు ఆయన అడిగిన మాట ఒక్కటే: "అన్నా, వానికి పోయింది గదా, నాకెందుకు పోలే?"

ఆ ప్రశ్నకు నాకు చేతనైన జవాబే ఈ ప్రసంగం.

నీలం రంగు చెప్పేది, చెప్పనిది

నేను ఉద్యోగంలో చేరిన 1980లలో మా కేంద్రంలో గ్లూకోమీటరు లేదు. పరీక్ష గొట్టంలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం పోసి, 8 చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద మరిగించేవాళ్లం. నీలంగానే ఉంటే చక్కెర లేనట్లు. చక్కెర పెరిగినకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు. నీలం వచ్చినవాళ్లు సంతోషంగా ఇంటికి వెళ్లేవాళ్లు.

అయితే రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే గాని మూత్రంలోకి దిగదు. కాబట్టి నీలం రంగుకు అర్థం "ఈ పూటకు 180 దాటలేదు" అని మాత్రమే. 170 ఉన్నవాడికీ నీలమే వస్తుంది. పరీక్ష కాగితం బాగుండటం వేరు, జబ్బు లేకపోవడం వేరు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

చెక్‌పోస్టు దగ్గర లారీల వరుస

షుగరు ఎందుకు వస్తుందో చిరాగ్‌పల్లి వాళ్లకు చెప్పడం సులువు. కర్ణాటక సరిహద్దులో ఉన్న మన ఊరి చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి కాగితాలు చూపించుకున్న రోజులు మీ అందరికీ గుర్తున్నవి. మనం తిన్న అన్నం, రొట్టె, పండు కడుపులో కరిగి గ్లూకోజుగా మారి రక్తమనే హైవే ఎక్కుతాయి. ఆ సరుకు కండరాలలోకి, కాలేయంలోకి దిగాలంటే ఇన్సులిన్ అనే పర్మిట్ కావాలి. ఆ పర్మిట్లు రాసే ఆఫీసు కడుపులో వెనుకవైపున ఉన్న క్లోమ గ్రంథి.

చిన్న పిల్లలలో ఎక్కువగా వచ్చే మొదటి రకం షుగరులో ఆ ఆఫీసే మూతపడుతుంది. ఇన్సులిన్ బయటనుండి ఇవ్వక తప్పదు. 1922 జనవరిలో టొరంటోలో ఒక 14 ఏళ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలు బతికి బట్టకట్టేవాళ్లు కారు. ఏ తిండి మార్పూ, ఏ ఆకు పసరూ ఈ రకాన్ని వెనక్కి మళ్లించలేదు. ఇందులో రెండో మాట లేదు.

మనలో దాదాపు అందరిదీ రెండవ రకం. ఇందులో పర్మిట్లు ఉంటాయి, గోదాములలో చోటు ఉండదు. ఏళ్ల తరబడి ఖర్చుకు మించి తిన్నది కొవ్వుగా మారి కాలేయంలో చేరుతుంది. నిండిన గోదాము కొత్త సరుకు దింపుకోదు. లారీలు రోడ్డు మీదనే నిలుస్తాయి. క్లోమం మరిన్ని పర్మిట్లు రాస్తుంది. కొంతకాలానికి ఆ కొవ్వు క్లోమంలోనూ చేరి, రాసే చేతులే అలసిపోతాయి. ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రాయ్ టేలర్ గారు చాలాకాలంగా చెబుతున్నది ఇదే.

మరి గోదాము ఖాళీ చేస్తే? అలసిన చేతులు ఇంకా పూర్తిగా పడిపోకముందే చేస్తే? లారీలు మళ్లీ కదలవచ్చు. షుగరు వెనక్కి మళ్లడం అంటే జరిగేది ఇదే.

డిస్మిస్ కాదు, సస్పెన్షన్

ఈ మాటకు లెక్క ఉన్నది. 2021లో అమెరికా, యూరపు, బ్రిటన్ దేశాల మధుమేహ సంఘాల నిపుణులు కూర్చుని ఒక నిర్వచనం ఖాయం చేశారు. షుగరు మందులన్నీ ఆపిన తరువాత కనీసం మూడు నెలలు గడిచాక చేసిన హెచ్‌బీఏ1సీ పరీక్షలో, అంటే మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో, 6.5 శాతం కంటె తక్కువ ఉంటే జబ్బు ఉపశమించినట్లు. వారు "నయమైంది" అనే మాటను కావాలనే వాడలేదు. ఉపశమించినవాళ్లు కూడా కనీసం ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవాలని అందులోనే చెప్పారు.

ఉద్యోగుల భాషలో చెప్పాలంటే షుగరు సర్వీసు నుండి డిస్మిస్ కాలేదు, సస్పెన్షన్‌లో ఉన్నది. బరువు మళ్లీ పెరిగిననాడు ఏ ఆర్డరూ లేకుండానే డ్యూటీలో చేరిపోతుంది. అందుకని ఏటేటా మనం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్లే, షుగరు పోయినవాళ్లు కూడా ఏటేటా ఈ పరీక్ష కాగితం తెచ్చుకోవాలి. మన మొదటి మిత్రునికీ ఈ నియమం వర్తిస్తుంది.

లెక్కలు ఏమంటున్నవి

బ్రిటన్‌లో ప్రొఫెసర్ టేలర్, గ్లాస్గోకు చెందిన ప్రొఫెసర్ మైక్ లీన్ కలిసి చేసిన డైరెక్ట్ అనే పరిశోధన తొలి ఫలితాలు 2017 డిసెంబరులో వెలువడ్డవి. 298 మంది పాల్గొన్నారు. అందరూ 20 నుండి 65 ఏళ్ల లోపువారు, షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివారు, లావుగా ఉన్నవారు, ఇన్సులిన్ వాడనివారు. సగం మందికి మూడు నుండి ఐదు నెలలపాటు మామూలు తిండి పూర్తిగా ఆపి, రోజుకు సుమారు 850 కేలరీల సూపులు, పానీయాలు మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వారిలో నూటికి 46 మందికి షుగరు ఉపశమించింది. మామూలు వైద్యం పొందిన రెండో సగంలో నూటికి నలుగురికే. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో నూటికి 86 మంది గట్టెక్కారు.

ఈ సంఖ్యలు వింటే ఉత్సాహం కలుగుతుంది. తరువాతివి కూడా వినండి. రెండేళ్లకు 46 కాస్తా 36కు దిగింది. ఐదేళ్ల దాకా కార్యక్రమంలో కొనసాగిన 85 మందిలో అప్పటికి ఉపశమనం నిలిచింది 11 మందికి. తగ్గిన బరువు తిరిగి వచ్చినవారికి షుగరు తిరిగి వచ్చింది. లావు తగ్గించే పొట్ట ఆపరేషన్లదీ ఇదే దారి. స్వీడన్‌లో చేసిన పెద్ద అధ్యయనంలో ఆపరేషను తరువాత రెండేళ్లకు నూటికి 72 మందికి షుగరు లేదు, పదిహేనేళ్లకు 30 మందికి లేదు.

"మేం అంత లావు లేముగదా" అని మీలో కొందరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్న. మనవాళ్లు చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వస్తుంది. మన దేశంలో మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని లెక్క. 2023లో టేలర్ గారి బృందం మామూలు బరువు గల 20 మంది షుగరు రోగుల మీద చేసిన చిన్న పరిశోధనలో 14 మందికి ఉపశమించింది. వారు తమ బరువులో పదో వంతు అటూఇటుగా తగ్గినవారే. కాబట్టి తూకం అందరికీ ఒకటి కాదు. ఎవరి ఒంటికి ఏ బరువు భారమో, ఆ బరువే వారి సమస్య.

మన దేశపు లెక్కలు కూడా ఉన్నవి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏమీ చేయనివారిలో నూటికి 55 మంది షుగరులో పడ్డారు. తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందే పడ్డారు. 2023లో భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్ల పైన, ఆ అంచున ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. అందరికంటె సులువుగా వెనక్కి మళ్లగలవారు ఈ అంచున ఉన్నవారే. వారు మన ఇళ్లలోనే ఉన్నారు. మన కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు.

ఇప్పుడు రెండవ మిత్రుని ప్రశ్నకు జవాబు చెబుతాను. తమ్ముడూ, అతనికి జబ్బు వచ్చి ఏడాది కాలేదు, నీకు 18 ఏళ్లు. అతని క్లోమం అలసింది, నీ క్లోమం సగానికి పైగా రిటైరైంది. అతను 12 కిలోలు తగ్గించుకున్నాకనే మందులు పోయినవి, నువ్వు మందులు మాత్రమే తీసేశావు. డైరెక్ట్ పరిశోధనలో మాత్రలు మొదటి రోజే ఆపారు, నిజమే. కాని ఆపింది డాక్టర్లు. ఆ రోజు నుండే తిండిని 850 కేలరీలకు దించి, క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఆపారు. మాత్ర మన చేతితో మానేది కాదు. డాక్టరు చేతితో తీయించుకునేది.

సభలలో వినేది, లెక్కలో తేలేది

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మారుమోగిన సంగతి మీకు తెలుసు. అన్నం, రొట్టె, పండ్లు ఆపి కొబ్బరి నూనె, నిమ్మకాయలు, నీళ్లు ప్రధానంగా గడపడం ఆ పద్ధతి. డాక్టర్లు చాలామంది అభ్యంతరం చెప్పారు, ఆచరించినవారు చాలామంది మెచ్చుకున్నారు. నేను ఎవరి పక్షమూ వహించను. పిండి పదార్థం ఆపితే రక్తంలో చక్కెర తగ్గుతుంది, బరువు తగ్గితే ఇంకా తగ్గుతుంది. ఇందులో ఆశ్చర్యం లేదు, అబద్ధమూ లేదు. నేను చెప్పదలచింది మరొకటి. సభలో మైకు దగ్గరకు వచ్చేది ఫలితం వచ్చినవాళ్లే. రానివాళ్లు, మధ్యలో మానినవాళ్లు, ఆసుపత్రి పాలైనవాళ్లు మైకు దగ్గరకు రారు. చప్పట్లు కొట్టే ముందు "ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమందికి నిలిచింది, ఎన్నేళ్లు నిలిచింది" అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలు ఏ పద్ధతినైనా అడగండి, నేను చెప్పిన డైరెక్ట్‌ను కూడా అడగండి. ఐదేళ్ల లెక్క చెప్పింది అందుకే.

మన జొన్నరొట్టె సంగతి

జహీరాబాదు ప్రాంతం తిండి గురించి మాట్లాడకుండా ఈ ప్రసంగం ముగించలేను. మన పెద్దలది జొన్నరొట్టె, కొర్ర అన్నం, తైద అంబలి, పుంటికూర, చేలలో దానంతట అదే మొలిచే తుమ్మికూర. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. పేదవాని కడుపు నింపిన పథకమది, తప్పు పట్టను. కాని మెట్ట భూముల ఇళ్లలో కూడా రొట్టె స్థానంలోకి మూడు పూటలా తెల్లన్నం వచ్చి చేరింది. అదే 1983లో పస్తాపూరు కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత సన్నకారు రైతు స్త్రీలు, ఈ పాత పంటలను పోనివ్వకుండా పట్టుకున్నారు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పుతూ వారు చేసే పాత పంటల జాతర మనలో చూడనివారు ఉండరు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. జొన్నలో పిండి పదార్థం 68 గ్రాములు, పీచు 10 గ్రాములు. ఇదే రోడ్డు మీద హైదరాబాదు వైపు పోతే వచ్చే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి, 11 దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2021లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, చిరుధాన్యాలు తిన్న షుగరు రోగులలో పరగడుపు చక్కెర సగటున నూటికి 12 పాళ్లు, భోజనం తరువాతది 15 పాళ్లు తగ్గింది.

అది మంచి తగ్గుదలే. 200 ఉన్నవానికి 176 అవుతుంది. కాని అది 100 కాదు. జొన్నలోనూ పిండి పదార్థం ఉన్నది. రెండు రొట్టెల చోట నాలుగు తింటే బియ్యం మానిన పుణ్యం దక్కదు. మరొక మాట. మన నాన్నలు జొన్నరొట్టె తిని నాగలి పట్టారు, మోట తోలారు. మనం రొట్టెను తెచ్చుకున్నాం గాని చెమటను అక్కడే వదిలేశాం.

పళ్లెం ఎట్లా ఉండాలన్నదానికి ఒక మేలైన కొలత ఉన్నది. మన దేశంలో 18,090 మంది తిండిని పరిశీలించి భారత వైద్య పరిశోధన మండలి పరిశోధకులు 2022లో ప్రకటించింది ఇది. కొత్తగా షుగరు వచ్చినవారిలో ఉపశమనం కావాలంటే మొత్తం కేలరీలలో పిండి పదార్థాల వాటా 49 నుండి 54 శాతానికి దిగాలి, మాంసకృత్తులు 19, 20 శాతానికి పెరగాలి. ఇంటి భాషలో చెప్పాలంటే పళ్లెంలో సగం కూర, ఆకుకూర. పావు వంతు పప్పు, శనగలు, గుడ్డు, చేప, పెరుగు. మిగిలిన పావు వంతు మాత్రమే రొట్టె గాని అన్నం గాని. కిడ్నీ దెబ్బతిన్నవారు పప్పు, మాంసం పెంచే ముందు డాక్టరును అడగాలి.

మన వయసుకు తగిన మాట

నా సంగతి చెబుతాను. పదవీ విరమణ తరువాత నేనూ 7 కిలోలు తగ్గాను. నాది వెనక్కి పోలేదు. మూడు రకాల మాత్రలు ఒకటిగా మారినవి. హెచ్‌బీఏ1సీ 8.6 నుండి 7.1కి దిగింది. ఇది ఓటమి అని నేను అనుకోవడం లేదు, మీరూ అనుకోవద్దు.

ఎందుకంటే బ్రిటన్‌లో 1977లో మొదలై 20 ఏళ్లు సాగిన యూకేపీడీఎస్ అనే పరిశోధన ఉన్నది. కొత్తగా షుగరు వచ్చిన 5,102 మందిని అందులో చేర్చుకున్నారు. షుగరును గట్టిగా అదుపులో పెట్టినవారికి కంటి, మూత్రపిండాల జబ్బులు తగ్గినవని 1998లో తేలింది. పరిశోధన ముగిసి పదేళ్లయ్యాక, 2008లో మళ్లీ చూశారు. రెండు వర్గాలలోనూ షుగరు ఒకే స్థాయికి వచ్చేసినా, మొదట అదుపులో ఉంచుకున్నవారికి గుండెపోట్లు, మరణాలు తక్కువగానే ఉన్నవి. అప్పుడు దాచుకున్నది తరువాత పింఛనులాగా అక్కరకు వచ్చింది. వెనక్కి మళ్లకపోయినా, లొంగదీసిన ప్రతి ఏడూ వృథా పోదు.

రెండవది, మన వయసులో మరీ తక్కువ షుగరు కూడా ప్రమాదమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి హెచ్‌బీఏ1సీ 7, 7.5 మధ్య ఉంటే చాలని, రెండు మూడు జబ్బులున్నవారికి 8 లోపు చాలని నిపుణులు అంటారు. గ్లైమిపిరైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడుతూ ఒక్కసారిగా తిండి తగ్గిస్తే చక్కెర 70 లోపు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. కొత్తగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవాళ్లు అన్నం పూర్తిగా మాని పస్తులుంటే, షుగరు ఎక్కువ కనిపించకుండానే రక్తం ఆమ్లమై ప్రాణం మీదకు రావచ్చు. ఉపవాసాలు చేసేవారు, రంజాను రోజాలు ఉండేవారు ముందుగా డాక్టరుతో మాట్లాడి మందుల వేళలు మార్పించుకోవాలి.

బరువు బాగా తగ్గించే సూదిమందులు 2025లో మన దేశంలోకి మరిన్ని వచ్చినవి. అవి పనిచేసే మందులే. కాని ఆపితే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. ఖర్చు, వికారం, కండ తగ్గడం ఇవన్నీ డాక్టరుతో తేల్చుకోవలసినవి. అరవై దాటాక పోవలసింది పొట్ట, పోకూడనిది కండ. నడకతో పాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వంటి కసరత్తు కూడా రోజూ చేయండి. భోజనమైన వెంటనే మంచమెక్కకుండా పది, పదిహేను నిమిషాలు నడవడం ఖర్చు లేని మందు.

ఇక సోదరీమణుల సంగతి. మన మీటింగులలో షుగరు మాటలన్నీ మగవాళ్లవే. ఇంట్లో మనకు రొట్టె కొట్టి పెట్టే చేతులకు ఎంత షుగరు ఉన్నదో మనలో ఎందరికి తెలుసు? మిగిలిన అన్నం పారేయలేక తినేది ఆమే. పరీక్షకు చివరన వచ్చేది ఆమే. వచ్చేసారి పరీక్షకు ఒక్కరే వెళ్లకండి, ఇద్దరూ వెళ్లండి.

మన సంఘం చేయదగిన పని

కార్యవర్గానికి నాలుగు మనవులు. ప్రతి నెలా పింఛను పడిన మొదటి ఆదివారం సభ్యుల బరువు, నడుము కొలత, బి.పి. చూసి ఒక రిజిస్టరులో రాయాలి. కొలిచే పని నేను చేస్తాను, జీతం అక్కరలేదు. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివారి జాబితా వేరుగా తీసి, ఉపశమనానికి ప్రయత్నించదలచిన వారిని బృందంగా డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. పాతవారందరికీ ఏడాదికొకసారి కన్ను, మూత్రపిండం, పాదం పరీక్షలు చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, "డబ్బు లేక మానేశాను" అనే మాట మన సంఘంలో వినపడకూడదు. చివరిది, ఎవరైనా మందు మానదలిస్తే మానే ముందు ఒక్కరికైనా చెప్పాలి. డాక్టరుకు చెబితే మంచిది. ఆయన దొరకకపోతే నాకు ఫోను చేయండి. నేను డాక్టరు దగ్గరకు తోడు వస్తాను.

మిత్రులారా, షుగరు వెనక్కి మళ్లుతుందా అంటే, కొందరికి మళ్లుతుంది. తొలి ఏళ్లలో ఉన్నవారికి, బరువు తగ్గినవారికి, తగ్గిన బరువును కాపాడుకున్నంతకాలం మళ్లుతుంది. మిగతావారికి లొంగుతుంది. మొదటివారు గర్వపడి పరీక్షలు మానవద్దు, రెండవవారు సిగ్గుపడి మందులు మానవద్దు. ఈ రాత్రి పడుకునే ముందు ప్రతి ఒక్కరూ దీపం వెలుతురులో తమ రెండు పాదాలనూ అడుగున కూడా చూసుకోండి. కంటికి ఆనకపోతే మనవడిని చూడమనండి.